హాల్ల ఆవు కూసున్న దినం

"ఏం నౌకరి చేసినవమ్మా?" అని ఎవలన్న అడిగితే, ఉప్పల్ల నేలలు అమ్మిన అని చెప్త. ప్లాట్ల బిజినెస్ అనుకొని జర గౌరవంగ కుర్చీ జరుపుతరు. టైల్స్ షాపుల సేల్స్ అని తెలిసినంక ఒక్క ఛాయ్‌తోని సరిపెడ్తరు. ఏం ఫికర్ లేదు, ఆ ఛాయ్ తాక్కుంటనే నేను ఈ ఆవు ముచ్చట చెప్త. విన్నోళ్లు రెండో ఛాయ్ తెప్పియ్యకుంట నన్ను పంపలే ఇప్పటిదాక.

మీరు ఇప్పటి పిల్లలు. ఫోన్ల బొమ్మ సూసి టైల్స్ ఆర్డర్ పెడ్తున్నరు. మా కాలంల, అంటే ఉప్పల్ల మెట్రో స్తంభాలు లేనప్పుడు, తెలంగాణ రాకముందు, జనం షాపుకొచ్చి నేలను చేత్తో తడిమి కొనేటోళ్లు. వరంగల్ రోడ్డు మీద ఉండె మా షాపు. నారపల్లి దిక్కు పొలాలల్ల తెల్లరాళ్లు పాతి ప్లాట్లు జేస్తున్న దినాలవి. పొద్దున షట్టర్ లేపితే చాలు, సిమెంటు దుమ్ము కొట్టుకున్న బండ్ల మీద మొగుడూ పెండ్లాలు దిగేటోళ్లు.

అప్పుడే అద్దం టైల్స్ పిచ్చి మొదలైంది. తెల్లగ, పెద్దగ, మొహం కనవడేటట్టు మెరిసే టైల్స్. మా సేటుకు అవంటే ప్రాణం. "చమక్ ఉంటే మాల్ దానంతట అదే పోతది" అనేటోడు. నా పక్క కౌంటర్ల ఇంకో సేల్స్‌మన్ ఉండె. వాడికి నోటితోని పనే లేదు. గిరాకి రాంగనే జేబులకెళ్లి దువ్వెన తీసి, టైల్ల సూసుకుంట పాపిడి దువ్వుకునేటోడు, అంతే. ఆ ఒక్క పనితోని వాడు అమ్మినన్ని టైల్స్ నేను నోరు నొప్పిపుట్టేదాక మొత్తుకున్నా అమ్మలే. దువ్వెనోడు అనే పిలిచేటోళ్లం వాన్ని.

నా పద్ధతి వేరే. ఇల్లు ఎంత, రంగు ఏంది అని అడిగేదాన్ని కాదు. "ఇంట్ల పాకేటోళ్లు ఉన్నరా? గోడ పట్టుకొని నడిచేటోళ్లు ఉన్నరా?" అని అడిగేదాన్ని. ఉన్నరంటే మెరిసే టైల్ మీద గిలాసెడు నీళ్లు పోసి, "చెప్పు తీసి మడిమెతోని ఒక్కసారి రాయుండ్రి" అనేదాన్ని. సర్రున జారేది. దువ్వెనోడు నెత్తి కొట్టుకునేటోడు.

"అక్కా, షాపును బాత్రూం జేస్తున్నవే!"

"ఇప్పుడు జారితే నేను పట్టుకుంట. ఇంట్ల జారితే నువ్వొచ్చి పట్టుకుంటవా?" అనేదాన్ని. సేటు గల్లా దగ్గర గుర్రుగ సూసేటోడు. నాకేం, నేనట్లనే.

ఇగ అసలు ముచ్చటకొస్త.

ఒకరోజు ఒక జంట వచ్చిన్రు. ఆయన నాచారం ఫ్యాక్టరీల షిఫ్టు పని చేసేటోడు, జనగామ దిక్కు మనిషి. నారపల్లిల ఇల్లు కడుతున్నరు. ఆమె సంకన పిల్లగాడు, అప్పుడప్పుడే అడుగులు ఏస్తున్నడు. ఆమె కొంగు పట్టుకొని నాలుగేండ్ల పాప. పాప గడ్డం కింద కుట్లు. ఇంకా పచ్చిగనే ఉన్నయి.

"ఏమైంది బిడ్డా?" అంటే ఆ పిల్ల చెప్పలే, తల్లి చెప్పింది. కిరాయింట్ల మెరిసే నేలుందట. తడిబట్ట పెట్టినంక ఉరికొచ్చి బోర్లపడ్డదట. "దవాఖానాల కుట్లేస్తుంటే ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది అక్కా. అప్పుడే చెప్పేసిన ఈయనకు. కొత్తింట్ల మెరిసే నేల ఏసినవా, నేను ఆ ఇంట్ల కాలు పెట్ట. నువ్వూ నీ మెరుపూ ఉండుండ్రి అని."

ఆయన నవ్విండు. ఆమె నవ్వలే.

ఆమె నవ్వకపోవుడు నాకు మస్తు నచ్చింది. ఇంకోటి నచ్చింది, ఆమె పరీక్షకు సామానుతోని వచ్చింది! సంచిల డబ్బాల పప్పన్నం, చిన్న సీసల నూనె, పౌడర్ డబ్బా, పాప రంగు పెన్సిళ్లు. నేను ఇన్నేండ్లు నీళ్లొక్కటే పోస్తుంటి, నా మొహానికి ఈ తెలివి రాలే. ఇద్దరం కొంగులు దోపినం. శాంపిల్ టైల్స్ అన్ని నేల మీద పరిచి పిల్లల్ని ఇడిచిపెట్టినం.

అబ్బ, ఏం దినమది! పిల్లగాడు పప్పన్నం పిసికి వరుసపెట్టి అన్ని టైల్స్‌కు తినిపించిండు. పాప తెల్ల మార్బుల్ మీద ఎర్ర పెన్సిల్‌తోని బస్సు గీసింది. మార్బుల్ పసుపు మరకను తాగేసింది, ఎంత తుడిచినా ఇయ్యనంటది. చెక్క నేల మంచిగున్నది, ఎచ్చగుంటది అని ఆమె అంటుండంగనే పిల్లగాడు దాని మీద నిలవడి పాస్ పోసిండు. నీళ్లు అతుకులల్లకు దిగినయి. "చెక్క క్యాన్సిల్" అన్నం ఇద్దరం ఒక్కటేసారి. తాండూరు బండ జారలే గని, దాని అంచు పాకేటోని మోకాలుకు గీరుకుంటదని పక్కకు పెట్టినం. దువ్వెనోడు వీటన్నిట్ల కాలు పెట్టకుంట గోడపొంటి నడుస్తున్నడు. సేటు "అరే, మాల్! అరే, మాల్!" అని అరుస్తున్నడు. పాప సేటు తెల్ల ప్యాంటు మీద గుడ ఒక బస్సు గీసింది.

ఆఖరికి ఒకటి దొరికింది. బిస్కెట్ రంగు, మెరుపు లేదు, కాలికి కొంచెం గరుకు తాకుతది గని తుడిచే బట్టను పట్టుకోదు. నీళ్లకు జారలే, నూనెకు జర జారింది, పౌడర్‌కు నిలిచింది. పప్పు మరక ఒక్క తుడుపుకు పోయింది. పాపను దాని మీద ఉరుకుమన్నం. ఆ పిల్ల తల్లి దిక్కు సూసింది, ఉరకలే. మెల్లగ నడిచింది. కుట్లు కొత్తవి కదా అనుకున్నం.

"ఇల్లంత ఇదే" అన్నది ఆమె. నేను రాసుకున్న.

ఆయన ఏం జేస్తున్నడంటారా? దువ్వెనోని కౌంటర్ కాడ నిలవడి, అద్దం టైల్ల తన మీసం సూసుకుంటున్నడు.

తర్వాత ఆమె పిల్లలను తీసుకొని తల్లిగారింటికి జనగామ పోయింది. కట్టే ఇంటి దుమ్ముకు పిల్లగానికి దగ్గు పట్టింది. ఇంటి పని అయ్యేదాక రానని చెప్పి పోయిందట. ఇంకేముంది, రెండో వారంల ఆయన ఒక్కడే షాపుకు దిగిండు.

"అక్కా, హాల్ ఒక్కదానికి మార్చు. ఆ అద్దందియ్యి."

రాసే పెన్ను పక్కకు పెట్టిన. "పాప గడ్డం మర్చిపోయినవా తమ్మీ?"

"హాల్ ఒక్కటే అక్కా. రూములల్ల, వంటింట్ల మీరు ఏరిందే. పిల్లలకు హాల్ల ఆడొద్దని చెప్తం."

"పిల్లలకు హాల్ల ఆడొద్దని చెప్పుడంటే కోడికి పెంటకుప్ప ఎక్కొద్దని చెప్పినట్టే. ఆమెకు చెప్పినవా?"

"సర్‌ప్రైజ్" అన్నడు. ఆ మొహంల సంబురం సూడాలె!

"నాయినా, ఆడోళ్లకు చీరె సర్‌ప్రైజ్ ఇయ్యి. నేల సర్‌ప్రైజ్ ఇయ్యకు."

అప్పుడు గని లోపలిది బయటవడలే. వాళ్ల అక్క మొగుడు, బోడుప్పల్ల ఉండే బావ, మూడంతస్తుల ఇల్లు కట్టిండట. ఆ హాల్ల అద్దం టైల్స్. సుట్టాలొస్తే మొదలు నేల సూపించి తర్వాత నీళ్లిస్తడట. ఒక పెండ్లిల అందరి ముంగట, "బామ్మర్దీ, రెండు గదులేసి బాగనే ఇల్లంటున్నవు, మా హాల్ల పట్టే ఇల్లు కదా నీది" అన్నడట. ఈయన నవ్వి ఊకున్నడట గని అన్నం దిగలేదట.

"ఒక్కసారి బావ మా గడపల నిలవడి, మా నేల సూసి ఆగాలె అక్కా. గంతే. ఇంకేం వద్దు."

మెరుపు పిచ్చి అయితే తిట్టేదాన్ని. ఇది కడుపుల మంట. మొత్తుకున్న, బతిలాడిన, ఆయన ఇనలే. దువ్వెనోడు అప్పటికే దువ్వెన జేబుల పెట్టి బిల్లు రాస్తున్నడు. "గాళ్ల ఇల్లు, గాళ్ల నేల, నీకెందుకే అక్కా" అన్నడు.

గృహప్రవేశానికి పిలిచిన్రు. టైల్స్ ఏసిన మేస్త్రీకి కొత్త బట్టలు, షాపోళ్లకు భోజనం, అది రివాజు. నేనూ దువ్వెనోడూ కలిసి గోడ గడియారం కొని, వాని బండి మీద నారపల్లి పోయినం. పొద్దుటెండ మంచిగ పడుతున్నది. గడపకు పసుపు, మామిడాకులు, బంతిపూలు. బావ పట్టుపంచె కట్టుకొని, తనదే ఇల్లన్నట్టు వచ్చినోళ్లను పలకరిస్తున్నడు. ఆమె ముందురోజు సాయంత్రమే జనగామ నుంచి వచ్చిందట. "రేపు ముహూర్తానికే సూడు" అని ఆయన ఇంటి మొహమే సూడనియ్యలేదట. హాల్ల నేల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి పెట్టి, తెల్లారంగనే తీసి, తడిబట్ట పెట్టి తుడిచిండట. తడిబట్ట! ఆ మాట ఇన్నంక నేను గడియారం గట్టిగ పట్టుకున్న.

ముందుగాల ఆవు. తెల్లటి ఆవు, కొమ్ములకు పసుపు, వీపు మీద రవికె గుడ్డ. దాని ఎనుక పూజ చేయించే అయ్యగారు, ఆయనెనుక కలశం పట్టుకొని ఆమె, పక్కన పాప, పిల్లగాన్ని ఎత్తుకొని ఆయన. ఆవు గడపల ఆగింది. లోపల ఇంకో ఆవు కనవడ్డది దానికి, నేలల. వాసన సూసింది. ఆ ఆవు గుడ వాసన సూసింది. రెండూ ఒకదాన్నొకటి సూసుకుంటున్నయి.

"గోమాతను లోపలికి నడిపించండి, ముహూర్తం!" అన్నడు అయ్యగారు.

"మా ఆవు గడ్డి మీద నడుస్తది గని గాజు మీద నడువది" అన్నడు ఆవును తోలుకొచ్చిన ఆవాయన.

"ఏం గాదు, లాగు లాగు" అని బావ ఎనుకకెళ్లి ఒక్క తోపు తోసిండు.

ఆవు లోపలికి వచ్చింది. టకటకమని నాలుగడుగులు. నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకు పోయినయి. పాపం, అది పడలే, మడత మంచం మడిచినట్టు కాళ్లు మెల్లగ మడిచి, సక్కగ హాల్ నడుమల కూసున్నది. కూసోని, బుగులుకు పేడ ఏసింది.

"శుభం!" అన్నడు అయ్యగారు. "గోమయం! చాలా శుభం!"

అందరం చప్పట్లు కొట్టినం. ఆవు లేవ సూసింది. ముందు కాళ్లు జారినయి, మల్ల కూసున్నది. మల్ల లేవ సూసింది, మల్ల కూసున్నది. ఈసారి ఎవలం శుభం అనలే.

"మీకేం తెల్వది, జరుగుండ్రి" అని బావ పంచె ఎగ్గట్టి లోపలికి పోయిండు. తాడు పట్టుకొని ఒక్క గుంజు గుంజిండు. ఆవు కదలలే. బావ కదిలిండు! కాళ్లు మీదికి, తల కిందికి, పట్టుపంచెతోని పోయి పోయి ఆ శుభం మీదనే పడ్డడు.

నేను నోట్ల కొంగు కుక్కుకున్న. దువ్వెనోడు గోడకు మొహం తిప్పిండు, భుజాలు ఎగురుతున్నయి. గని అందరికంటె ఎక్కువ నవ్వింది బావ పెండ్లామే. నవ్వి నవ్వి ఆమె కండ్లల్ల నీళ్లు.

"మనింట్ల లెక్క దుప్పట్లుంటయనుకున్నవా ఏంది? సూసుకొని నడువు!"

"ఏం దుప్పట్లు అక్కా?" అన్నడు తమ్ముడు.

"అయ్యో, మా హాల్ నిండ దుప్పట్లే కదరా! సుట్టాలొస్తే తీస్తం, పోంగనే పరుస్తం. మా అత్తమ్మ గోడ పట్టుకోనిది అడుగు ఎయ్యది. ఆ నేలను మేము సూసుడే పండుగకు!"

బావ కిందనే ఉండి "నోరు ముయ్యవే" అన్నడు. లేచే ధైర్యం మాత్రం చెయ్యలే. ఆయన, ఆవు, పక్కపక్కన.

ఇల్లంత ఘొల్లుమన్నది. నవ్వనిది ఒక్కామెనే. కలశం పట్టుకొని గడప అవతలనే నిలవడ్డది. నేలను సూసింది, మొగన్ని సూసింది, నన్ను సూసింది.

"అక్కా, ఇది మనం ఏరిన టైలేనా?"

"కాదు బిడ్డా" అన్న. అబద్ధం ఎట్ల ఆడుదు? నేల కండ్ల ముంగటనే ఉండె.

"అమ్మా, కుడికాలు పెట్టండి, ముహూర్తం దాటిపోతోంది" అన్నడు అయ్యగారు.

"ఆవే నడుస్తలేదు అయ్యగారూ, నేనెట్ల నడువాలె?" అన్నది. గొంతు లేపలే. "నేను ముందే చెప్పిన. మెరిసే నేల మీద కాలు పెట్ట. ఆయనకు ఎరుకే."

నవ్వులు ఆగినయి. ఆయన మొహం తెల్లవడ్డది. "హాల్ ఒక్కటే..." అన్నడు. ఆమె ఇంటలేదు. ఆమె తల్లి, ఊరోళ్లు, ఫ్యాక్టరీ దోస్తులు, అందరు గడపల్నే ఉన్నరు. లోపల పొయ్యి మీద పాలగిన్నె పెట్టి ఉన్నది, ముట్టించేటోళ్లు లేరు. కొత్తింటి గడపల ఇల్లాలు కాలు పెట్టనంటే ఇగ ఆ ఇల్లెందుకు? నాకైతే అద్దం టైల్స్ అన్నిటిని నెత్తికెత్తుకొని మూసిల ఏసి రావాల్నన్నంత కోపం వచ్చింది.

అంతల పాప తల్లి చెయ్యి ఇడిపించుకున్నది. గడప దాటింది. దాటి, ఆగి, నేలను సూసి, లంగా సర్దుకొని కింద కూసున్నది. కూసోని, రెండు చేతులు నేలకు ఆనించి, పిర్రల మీద జరుక్కుంట జరుక్కుంట ఆవు కాడికి పోయింది. ఆ పిల్లకు అది అలవాటైన పని అని సూడంగనే తెలుస్తున్నది. కిరాయింట్ల గట్లనే తిరుగుతున్నదేమో, కుట్లు పడ్డ కాన్నుంచి. నాలుగేండ్ల పిల్ల!

ఆవు గడ్డం కింద చెయ్యి పెట్టి తడిమింది. ఒంగి సూసింది.

"రక్తం రాలే. ఊకో" అన్నది ఆవుతోని. "లేవకు, లేస్తే మల్ల పడ్తవు. కూసోనే జరుగు. గిట్ల. నన్ను సూడు." జరిగి సూపించింది. "డాడీ! దీనికి రాదు. నువ్వు నేర్పియ్యి."

ఆయన పిల్లగాన్ని నా చేతుల పెట్టిండు. లోపలికి ఉరకబోయి జారి, తలుపు పట్టుకొని ఆపుకున్నడు. బయటికి ఉరికిండు. సిమెంటు ఖాళీ సంచులు, గోనెసంచులు, దొరికినన్ని చంకనేసుకొని వచ్చిండు. ఒక్కొక్కటి పరుసుకుంట మోకాళ్ల మీద ఆవు కాడిదాక పోయిండు. పాపను ఎత్తుకొని, గడ్డం కింద ఆ మచ్చ మీద ముద్దు పెట్టిండు. ఏడుస్తున్నడో నవ్వుతున్నడో తెల్వదు, రెండూ ఉండె. నాకూ అంతే.

"తీసేయిస్త" అన్నడు పెండ్లాంతోని. "పాలు పొంగినంక మేస్త్రీకి చెప్త. బావ సూసుడు అయిపోయింది. సాలు."

"ఇంకా కిందనే ఉండి సూస్తున్న బామ్మర్దీ" అన్నడు బావ. "ఎవలన్న నన్ను లేపుతరా?"

ఆమె పెదవి కదిలింది. పండ్లతోని పట్టి ఆపుకున్నది గని ఆగలే. ఫక్కుమని నవ్వింది. కలశంల నీళ్లు చింది అయ్యగారి మీద పడ్డయి. ఆవు కాళ్ల కింద గోనెసంచులు దోపి, ఆయన, ఆవాయన, దువ్వెనోడు "హే" అని లేపిన్రు. ఆవు లేచి, తోక ఆడించి, అందరి కంటె మర్యాదగ సంచుల మీద నడిచి బయటికి పోయింది. బావను తర్వాత లేపిన్రు. గోమాత ఇంతసేపు ఇంట్ల స్థిరంగ కూసున్నదంటే లక్ష్మి కూసున్నట్టేనని అయ్యగారు తేల్చి చెప్పిండు. ముహూర్తం గురించి ఇగ ఎత్తలే, మంచోడు. ఆమె సంచుల మీదికెళ్లి కుడికాలు పెట్టి వచ్చింది. పాలు పొంగినయి.

హాల్ టైల్స్ పగలగొట్టి తీసిన్రు. ఆ ముక్కలు డాబా మీద పరిపిచ్చి సిమెంటు ఏసిన్రు, ఎండకు ఇల్లు సల్లగుంటదని. సోమవారం నాడు షాపు తియ్యంగనే బోడుప్పల్ బావ వచ్చి నా కౌంటర్ కాడ నిలవడ్డడు. "మా అమ్మ కోసం" అన్నడు నెమ్మదిగ, "ఆ బిస్కెట్ రంగుది ఉన్నదా?" శాంపిల్ తీసి ముంగట పెట్టిన. ఉన్నదన్న. ఆ దినంకెళ్లి నా ప్రశ్నలు మూడైనయి. పాకేటోళ్లు ఉన్నరా, గోడ పట్టుకొని నడిచేటోళ్లు ఉన్నరా, ఆవును తెస్తున్నరా. దువ్వెనోడు గుడ మారిండు అనుకునేరు, ఏం మారలే. ఒక్కటే, ఆవును తెస్తున్నం అని ఎవలన్న అంటే దువ్వెన జేబుల పెట్టి, "అక్కా, నీ గిరాకి" అని నా దిక్కు పంపేటోడు.

వానకాలం ఎళ్లినంక ఒకనాడు నారపల్లి దిక్కు పని పడితే వాళ్లింటికి పోయిన. తలుపు కొట్టిన. ఆయన తీసిండు. "ఎవలు డాడీ?" అని వంటింట్లకెళ్లి గొంతు ఇనవడ్డది. ఆ ఎనుకనే దబదబదబమని అడుగులు. హాల్ల కొత్తగ ఏసిన బిస్కెట్ రంగు నేల మీద, ఆ మూలకెళ్లి ఈ మూలకు, తడి కాళ్లతోని, చేతులు బార్లా సాపి, పాప ఉరికొచ్చి నా కాళ్లకు గుద్దుకున్నది.

"ఉరకకే, పడ్తవు!" అని లోపలికెళ్లి తల్లి కేకేసింది.

"పడది" అన్నడు ఆయన. "ఉరకనియ్."